నూరు డాలర్ల జ్ఞాపకము

మన ఇండ్లలో చాలవాటియందు నేటికిని ఒక పాత రేడియో పెట్టె ఉండును. అది పలుకదు. వాల్వులు చల్లబడి ఏండ్లు గడచినవి. వెనుక అట్ట ఊడినది. స్టేషన్ల పేర్లు వ్రాసియున్న అద్దము వెనుక ముల్లు ఎప్పుడో ఒకచోట ఆగి, అక్కడనే నిలిచిపోయినది. అయినను దానిని పాత సామానులవానికి వేయుటకు ఇంటిలో ఎవరికిని చేతులు రావు. పైన కుట్టుపని గుడ్డ యొకటి కప్పి, వచ్చినవారికి "మా తాతగారు కొన్న రేడియో" అని చూపుచుందురు. పలికినన్నాళ్లు అది వస్తువు. పలుకుట మానిన తరువాత బంధువు.

ఈ మమకారము వ్యాపారస్థులకు తెలియనిది కాదు. 2017 లో సరిగమ సంస్థ, అనగా ఒకప్పుడు కుక్కబొమ్మ రికార్డులు వెలువరించిన ఆ గ్రామఫోన్ కంపెనీయే, పాత ట్రాన్సిస్టరును పోలిన పెట్టె నొకదానిని చేసి, అందులో 5,000 హిందీ పాటలను ముందుగనే నింపి, కారవాన్ అను పేరుతో అంగళ్లకు పంపెను. ఆ పాటలు ఇతరత్ర ఉచితముగ వినుటకు వీలున్న కాలమది. అయినను పెట్టెలు లక్షలకొలది అమ్ముడుపోయెను. తెలుగు పాటల పెట్టెయు వచ్చెను. పిల్లలు కొని తలిదండ్రులకు కానుకగా నిచ్చిరి. మేము ప్రకటనలు చదువువారము కాము గనుక దానిని గూర్చి ఇంతకంటె పొగడము. అయితే ఈ ప్రసంగములో మరల ఒకచోట దానితో మాకు పని కలదు.

ఆ మరుసటి యేడే, 2018 లో, ప్రపంచమున మిక్కిలి పేరుగల సోనీ కంపెనీ ఇటువంటి ఆలోచనతోనే ఒక పెట్టెను చేసి, అమెరికాలో 100 డాలర్లకు ఒక్క సెంటు తక్కువగా అమ్మకమునకు పెట్టెను. నెల తిరుగకమునుపే అక్కడి అంగళ్లవారు దానిని 60 డాలర్లకు దించిరి. 2019 గడచులోపల అది 40 కిని, అటుపై 25 ప్రాంతమునకును దిగినది. దాని పేరు ప్లేస్టేషన్ క్లాసిక్. పాత వస్తువుపై మమకారమే సరకుగా చేసి అమ్మబూనిన ఇద్దరిలో ఒకరికి అంత ఆదరణ లభించి, రెండవవారికి ఈ పాటు ఏల కలిగెను? నేటి ప్రసంగమున మేము విచారింపదలచిన దిదియే.

ముందుగా, ఈ ఆటపెట్టెల సంగతి ఎరుగని శ్రోతల కొరకు నాలుగు మాటలు చెప్పవలసి యున్నది. సోనీవారి తొలి ప్లేస్టేషన్ జపానులో 1994 డిసెంబరు 3 వ తేదీన వెలువడెను. అమెరికాకు 1995 సెప్టెంబరులో వచ్చెను. అది బూడిదరంగు పెట్టె. పైన గుండ్రని మూత. మూత తెరచి, అడుగువైపు నల్లగా మెరయు పళ్లెము నొకటి అందులో నుంచి, తీగతో నున్న మీటల పలకను చేతబట్టి, టెలివిజన్ తెరపై బొమ్మలను ఆడింతురు. అంతకుమునుపు వచ్చిన ఆటలలో బొమ్మలు చాలవరకు గోడమీది నీడలవలె చదునుగా నుండెడివి. ఇందులో అవి నలువైపుల నుండి చూడదగిన ఆకారమును పొందినవి. ఈ పెట్టె ప్రపంచమంతట 10 కోట్లకు మించి అమ్ముడైనది. ఇండ్లలో ఆడుకొను ఆటపెట్టెలలో ఆ సంఖ్యను ముట్టిన మొదటిది ఇదియే.

మన పట్టణములలో 1990 ప్రాంతపు పిల్లలు ఎరిగిన వీడియో గేము వేరు. చాలవరకు అవి నింటెండో కంపెనీ పెట్టెకు నకళ్లు. టెలివిజన్ వెనుక తీగ తగిలించి, పసుపుపచ్చని క్యాసెట్టును గ్రుచ్చి, బొమ్మ రానిచో దానిని ఊడబెరికి నోటితో ఊది మరల గ్రుచ్చెడివారు. ఊదుటవలన నిజముగ లాభము కలదా లేదా అను వాదము నేటికిని తెగలేదు. నేడు నలుబదులలోనున్న మావంటివారికి ఆ ఊపిరి జ్ఞాపకమే. ఈ సంగతి ఏల చెప్పుచున్నామనగా, ఆట జ్ఞాపకమనునది బొమ్మలోనే ఉండదు. చేతిలో, పెదవిలో, ఆదివారపు మధ్యాహ్నములో కూడ ఉండును.

పాత ఆటపెట్టెను చిన్నదిగా చేసి, ఆటలను లోపల నింపి, క్రొత్త టెలివిజన్లకు తగిలించు విధముగ అమ్ముట సోనీ కనిపెట్టిన ఉపాయము కాదు. 2016 నవంబరులో నింటెండో తన మొదటి పెట్టెకు బొమ్మవంటి రూపమునిచ్చి, 30 ఆటలతో 60 డాలర్లకు అమ్మెను. అది అరచేతిలో ఇముడునంతటిది. దానికొరకు జనులు అంగళ్లముందు వరుసలు కట్టిరి. దొరకనివారు హెచ్చుధర యిచ్చి మారుబేరగాండ్రవద్ద కొనిరి. 2017 సెప్టెంబరులో అదే కంపెనీ తన రెండవ తరపు పెట్టెను 21 ఆటలతో 80 డాలర్లకు విడుదల చేసెను. ఆ 21 లో ఒకటి, స్టార్ ఫాక్స్ 2 అనునది, 1990 లనాటికే తయారై, ఏ కారణముననో అంగడి ముఖము చూడక అటకపై మిగిలిపోయిన ఆట. ఇరువది యేండ్ల తరువాత దానిని వెలికి తీసి పెట్టెలో వేసిరి. పాత బీరువాలో వెదకుచుండగా ఎవరును చదువని ఉత్తరమొకటి దొరికిన ట్లుండును గదా! 2018 చివరికి ఈ రెండు చిన్న పెట్టెలును కలిసి కోటికి మించి అమ్ముడైనట్లు నింటెండో ప్రకటించెను.

దీనిని చూచి సోనీ తన వంతు వచ్చినదనుకొనెను. తొలి పెట్టె పుట్టినదినమైన డిసెంబరు 3 వ తేదీనే, 24 యేండ్లకు, చిన్న పెట్టెను అంగడికి పంపెను. అసలుదానికంటె సుమారు నూటికి 45 వంతులు చిన్నది. బూడిదరంగు అదియే, మూత అదియే, మీటలు అవియే. లోపల 20 ఆటలు. రెండు మీటల పలకలు. పెట్టెను చూచినవారందరును ముచ్చటపడిరి. ఇంతవరకు తప్పు పట్టుటకు ఏమియు లేదు.

ఇక లోపలి సంగతి. మొదట ఆటల జాబితా. అందులో మంచివి లేకపోలేదు. ఫైనల్ ఫాంటసీ 7, మెటల్ గేర్ సాలిడ్, టెక్కెన్ 3 వంటివి ఆ తరము వారు నిద్రలోనైనను చెప్పగల పేర్లు. కాని ప్లేస్టేషన్ అనగానే అమెరికాలో పిల్లల కండ్లయెదుట మెదలిన బొమ్మ వేరు: క్రాష్ బాండికూట్ అను నారింజరంగు జంతువు. అది లేదు. టూంబ్ రైడర్ లేదు. స్పైరో అను ఊదారంగు డ్రాగన్ లేదు. మోటారు పందెముల గ్రాన్ టురిస్మో లేదు. పెండ్లి పందిరిలోనికి పోయి చూడగా వంటవాడు వచ్చినాడు, పురోహితుడు వచ్చినాడు, మేనమామ మాత్రము లేడన్నట్లయినది.

అవి లేకపోవుటకు వెనుకనున్న చిక్కును గ్రహించిననే గాని ఈ వ్యాపారము అర్థము కాదు. నింటెండో పెట్టెలో పేరుపొందిన ఆటలు చాలవరకు నింటెండో స్వయముగ చేసినవే. సొంత పొలములో పండిన ధాన్యము. ఎవరిని అడుగవలసిన పని లేదు. సోనీ సంగతి అది కాదు. ఆ పెట్టె గొప్పదనమంతయు ఇతరులు దానికొరకు ఆటలు చేయుటవలన వచ్చినది. ఇరువది నాలుగేండ్లలో ఆ ఇతరులు చేతులు మారిరి, అమ్ముడుపోయిరి, విలీనమైరి. 2018 నాటికి క్రాష్, స్పైరో రెండును ఆక్టివిజన్ కంపెనీ సొత్తు. ఆ కంపెనీ 2017 లో క్రాష్ ఆటలను, 2018 నవంబరులో, అనగా సోనీ చిన్న పెట్టెకు మూడు వారముల ముందుగా, స్పైరో ఆటలను క్రొత్త హంగులతో తిరుగ తయారుచేయించి వేరుగా అమ్మెను. టూంబ్ రైడర్ అప్పటికి జపానులోని స్క్వేర్ ఎనిక్స్ వారిది. గ్రాన్ టురిస్మో సోనీ సొంత బిడ్డయే; కాని అందులో నిజమైన కార్లు, నిజమైన కంపెనీల పేర్లతో నున్నవి. నిజమైన గాయకుల పాటలున్నవి. అటువంటి ఆటను మరల అమ్మవలెనన్న ప్రతి కారునకు, ప్రతి పాటకు అనుమతి కావలెను.

కారవానును మరల తలచుకొనవలసినది ఇక్కడనే. ఆ పాటలు సరిగమవారి సొంత భాండారములోనివి. కావలసిన పాటను కావలసినచోట పెట్టుటకు వారికి స్వేచ్ఛ కలదు. జ్ఞాపకము నమ్మదలచినవాడు ముందు ఆ జ్ఞాపకమునకు హక్కుదారుడు తానేనా యని చూచుకొనవలెను. సోనీ పెట్టెకు హక్కుదారు. అందరి జ్ఞాపకములకు కాదు. జపానులో అమ్మిన పెట్టెలో ఆటల జాబితా కొంత వేరు. అక్కడివారి అభిరుచికి కొన్నిటిని మార్చిరి. మార్చవలెనను ఎరుక వారికి ఉండినదనుట కిదియే సాక్ష్యము. సొంతమై, చిక్కు తక్కువయైన ఆటలను సైతము అమెరికా పెట్టెలో కొన్నింటిని విడిచిపెట్టుట మాత్రము మాకు బోధపడని విషయమే.

రెండవ లోపము చిన్నది. చెప్పినచో నవ్వుదురు. కాని మా వృత్తిలో నున్నవారికి అది చిన్నదిగా తోచదు. అది వేగము.

టెలివిజన్ బొమ్మ నిలిచియుండదు; క్షణమునకు ఇన్ని మారులు తెరపై క్రొత్తగా గీయబడుచుండును. అమెరికా, జపానులలో ఆ లెక్క క్షణమునకు సుమారు 60; ఐరోపాలో చాలచోట్ల 50. మన దేశము కూడ ఆ 50 కుటుంబమునకే చెందినది. 1982 లో మన టెలివిజనుకు రంగులు వచ్చినప్పుడు మనము గ్రహించినది ఐరోపావారి పాల్ పద్ధతియే. ఆ కాలపు ఆటలను 60 లెక్కకు తయారుచేసి, తరువాత ఐరోపాకు పంపునప్పుడు 50 కి కుదించెడివారు. జాగ్రత్తపడినవారు లోపలి గడియారమును సరిదిద్దిరి, పడనివారు విడిచిపెట్టిరి. విడిచిపెట్టిన ఆటలో వీరుడు ఆరవ వంతు నెమ్మదిగా పరుగెత్తును, ఆరవ వంతు నెమ్మదిగా కొట్టును.

సోనీవారు అమెరికాలో అమ్మిన చిన్న పెట్టెలో 20 ఆటలలో 9 ఐరోపా ప్రతులు. టెక్కెన్ 3 వానిలో నొకటి. అది కుస్తీ ఆట. కన్నుమూసి తెరచులోపల మీట నొక్కవలసిన ఆట. పదేండ్ల వయసులో ప్రతి సాయంకాలము ఆడి వ్రేళ్లకు అలవాటైన లయ యొకటి యుండును. ఇప్పుడు ముప్పదియైదేండ్ల వయసున, పగలంతయు కచేరీలో పనిచేసి వచ్చి, మీటల పలకను చేతబట్టగా ఆ లయ తప్పినది. సరిదిద్దిన ఆటలలో సైతము, 50 బొమ్మలను 60 బొమ్మల తెరపై పరచుటవలన కదలికలో ఒక తడబాటు మిగిలినది. ఏమి తప్పినదో మొదట వానికి తెలియదు. తనకే వయసు మీరినదేమో యనుకొనును. తెలిసిన తరువాత కోపము వచ్చును.

ఈ కోపమును మేము ఎరుగుదుము. చాల సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన ఒక కేంద్రములో పాత టేపులను కంప్యూటరులోనికి ఎక్కించు పని జరుగుచుండెను. పేరుమోసిన భాగవతారుగారి హరికథ యొకటి ఆ టేపులలో దొరికినది. మహానందముతో ఎక్కించి, ఒక ఆదివారము ప్రసారము చేసితిమి. టేపు త్రిప్పు యంత్రము కొద్దిగా నెమ్మదిగా తిరిగినదని మాకు తెలియదు. విని సరిచూచిన మా చెవులకును పట్టుబడలేదు, ఏలయన ఆయనను ఎదుట వినినవారు మాలో ఎవరును లేరు. వారము తిరుగకముందే ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు ఆయన ప్రక్కన హార్మోనియము వాయించిన వృద్ధులు. "గొంతు ఆయనదే గాని మనిషి ఆయన కాదు. ఆయన ఎన్నడూ ఆ శ్రుతిలో పాడలేదు. నా పెట్టె తీసి చూసుకున్నాను, ఒక మెట్టు దిగి ఉంది" అని వ్రాసిరి.

శ్రోతలకు ఇక్కడ ఒక లెక్క చెప్పవలెను. టేపు వేగము నూటికి ఆరు వంతులు తగ్గినచో పాట ఒక స్వరస్థానము దిగును. మాకు జరిగిన తప్పు అంతటిది. ఆరవ వంతే తగ్గినచో మూడు స్వరస్థానములు దిగును. అప్పుడు హార్మోనియము పెట్టె తీయనక్కరలేదు, వీధిలో పోవువాడును పట్టును. ఆటలో శ్రుతి దిగకపోవచ్చును గాని, వ్రేళ్లకును ఒక శ్రుతి కలదు. ఆ వృద్ధునికి మేము క్షమాపణ వ్రాసి, టేపును మరల ఎక్కించి, మరుసటి నెలలో తిరిగి ప్రసారము చేసితిమి. ఆయన రెండవ కార్డు వ్రాయలేదు. మేము కొంతకాలము ఎదురుచూచితిమి.

మూడవ సంగతి చేతికి సంబంధించినది. తొలి ప్లేస్టేషనుకు 1994 లో ఇచ్చిన మీటల పలక సాదాది. 1997 చివర సోనీయే దానికి రెండు చిన్న కొయ్యగుబ్బలవంటి త్రిప్పుడు మీటలను చేర్చి, పలక అదురునట్లు లోపల చిన్న మోటారులను పెట్టెను. తరువాతి ఆటలలో అనేకము ఈ రెండవ పలకను మనస్సునందుంచుకొని తయారైనవి. చిన్న పెట్టెతో ఇచ్చినవి మాత్రము 1994 నాటి సాదా పలకలు. మెటల్ గేర్ సాలిడ్ ఆటలో ప్రసిద్ధమైన ఘట్టమొకటి కలదు. మనస్సులను చదువగలనని ప్రగల్భములు పలుకు ప్రతినాయకుడు ఆడువానిని నేరుగా సంబోధించి, "నీ పలకను నేలమీద పెట్టు, నా శక్తిచే కదలింతును" అను అర్థము వచ్చు మాటలు పలుకును. పిల్లవాడు నేలమీద పెట్టగా పలక గుర్రుమని అదురుచు నిజముగనే కదలును! 1998 లో ఆ అదురు తాకిన గుండెలు నేటికిని దానిని మరువలేదు. చిన్న పెట్టెలో ఆ ఘట్టము ఉన్నది, ఆ మాటలును ఉన్నవి. పలకను నేలమీద పెట్టినచో అది నేలమీద ఉండును.

బొమ్మ విషయము కొంత చిక్కైనది. ఆ కాలపు పలుముఖముల బొమ్మలు నాటి గాజుగొట్టపు టెలివిజన్లపై కొంచెము అలుకుకొనిపోయి, అందుచేతనే అందముగ కనబడెడివి. నేటి పలుచని తెరలు నిర్దయగా ఉన్నదున్నట్లు చూపును. అంచులు రంపపు పండ్లవలె కనబడును, గోడలు వణకును. నింటెండో తన చిన్న పెట్టెలో పాత టెలివిజనును పోలిన చారలు తెరపై వచ్చునట్లు ఒక ఏర్పాటు చేసెను. సోనీ పెట్టెలో కొనువానికి అటువంటి ఏర్పాటు ఏదియు చూపలేదు. పాత ఆటలను అనుకరించి నడుపు యంత్రాంగమును సైతము సోనీ స్వయముగ నిర్మింపలేదు. ఔత్సాహికులు ఎన్నో యేండ్లుగా తీర్చి అందరికిని ఉచితముగ విడిచిన పీసీఎస్ఎక్స్ రీఆర్మ్డ్ అనుదానిని వాడుకొనెను. ఉచితమైనది వాడుట తప్పు కాదు. దానివలన చట్టమునకును భంగము లేదు. అయితే ఆ యంత్రమును పుట్టించిన ఇల్లే దాని అనుకరణకు పొరుగింటికి పోయినదని తెలిసినప్పుడు, కొనువాని కంటిలో నూరు డాలర్లు నూటయేబదిగా కనబడెను. పైగా కరెంటు ప్లగ్గును విడిగా చూచుకొనవలెను. మూత తెరచుకొనదు. ఈ చిన్నవాటిని గూర్చి ఎక్కువ చెప్పము.

ఇక అంగడి. వస్తువు మంచిచెడ్డలు వేరు, అంగడి లెక్కలు వేరు అని మనము సాధారణముగ అనుకొందుము. అమెరికాలో క్రిస్మస్ మాసము మనకు దసరా సంక్రాంతులు కలిసి వచ్చినట్టిది. ఆ నెలలో కొనువాడు తనకొరకు కొనడు. భర్తకొరకు భార్య, అన్నకొరకు తమ్ముడు కొనును. తనకు తెలియని వస్తువును కొనుచున్నాడు గనుక, తెలిసినవారి నడుగును, పత్రికలలో చూచును. చూచినవానికి మొదటి వారమునుండియే వేగము తప్పినదన్న వార్తలు, జాబితాపై నిట్టూర్పులు కనబడెను. ప్రక్క బల్లమీద, అదే సోనీ కంపెనీ క్రొత్త ప్లేస్టేషన్ 4, స్పైడర్ మాన్ ఆటతో కూడ కలిపి, ఆ యేటి నవంబరు చివరి తగ్గింపులలో 200 డాలర్లకు దొరికినది. ముచ్చటకు 100, ముచ్చటతోపాటు పదేండ్ల వాడుకకు 200. తమ్ముడు ఏది కొనును?

అంగడివానికి క్రిస్మస్ దాటి మిగిలిన ప్రతి పెట్టెయు కట్టుబడిపోయిన డబ్బు. అందుచేత తగ్గించెను. తగ్గించుటలో ఒక విషముండును. మన బట్టల దుకాణములలో ఆషాఢమాసము కొరకు కాచుకొని కొను గృహిణులున్నట్లే, 60 కి దిగినదని వినినవాడు 40 కొరకు ఆగెను. 40 కి దిగగా 25 కొరకు ఆగెను. నింటెండో పెట్టెలు దొరకక వెలలు పెరిగెను, సోనీ పెట్టెలు దొరికి తరిగెను. నింటెండోవారు కావలెననియే తక్కువ చేసిరని ఆనాడు తిట్టినవారు పెక్కురు. మేము దానిని మెచ్చుకొనలేము. పిల్లవానికి బొమ్మ దొరకకుండ చేయుట ఏమి గొప్పతనము? కాని అంగడి మాత్రము దానిని శిక్షింపలేదు. 2018 జూనులో నింటెండో తన మొదటి చిన్న పెట్టెను మరల తెచ్చినప్పుడు, ఆ నెలలో అమెరికాలో సంఖ్యచొప్పున అన్ని ఆటపెట్టెలకంటె అదియే ఎక్కువగా అమ్ముడైనది.

కొందరు ఈ పతనమునకు వేరు కారణము చెప్పుదురు. పాత ఆటపెట్టెల మోజే 2018 నాటికి తీరిపోయినదనియు, సోనీ ఆలస్యముగ వచ్చినదనియు వారి వాదము. దీనిని మేము అంగీకరింపజాలము. 2019 సెప్టెంబరులో సేగా కంపెనీ తన పాత మెగాడ్రైవ్ పెట్టెకు చిన్న రూపమును 80 డాలర్లకు వెలువరించెను. ఆ కంపెనీ మొదట 2018 లోనే తేదలచి, నాణ్యము సరిపోదని వాయిదా వేసికొని, పని పద్ధతి మార్చి, పాత ఆటలను క్రొత్త యంత్రములకు ఎక్కించుటలో చేయి తిరిగిన ఎం2 అను జపాను సంస్థకు అప్పగించినది. 42 ఆటలు పెట్టిరి. వానిలో కొన్ని ఆ పెట్టెపై ఎన్నడును అమ్మకమునకు రానివి. పాతకాలపు అభిమానులు ఎంత కఠినులో మేము పైన చెప్పితిమి. ఆ కఠినులే దీనిని తలకెత్తుకొనిరి. మోజు తీరినచో సోనీకి తొమ్మిది నెలల తరువాత వచ్చినవారికి ఆ ఆదరణ దొరకదు గదా.

మరియొక మాట.   2006 నుండి వచ్చిన ప్లేస్టేషన్ 3 లోనే ఆ నల్లని పళ్లెములు ఆడెడివి. పళ్లెములు దాచుకొన్నవాడు తన ఆటలను తన వేగముతోనే ఆడుకొనుచుండెను. సోనీ తన పాత తరమును విడువక ఆదరించిన పుణ్యము, చిన్న పెట్టెను అమ్మవలసినప్పుడు నష్టముగ పరిణమించినది.

ఈ కథ అంగటి బల్లమీద ముగియలేదు. విడుదలయైన కొద్ది దినములకే ఎవరో ఆ పెట్టెకు కంప్యూటరు మీటల బల్ల నొకదానిని తగిలించి, ఎస్కేప్ అను మీటను నొక్కగా, సోనీ కొనువానికి చూపని లోపలి ఏర్పాట్ల పట్టిక తెరపై వచ్చినది. పాత టెలివిజను చారలు అందులో నున్నవి. ఉన్నవానిని దాచియుంచిరన్నమాట! మరి కొద్ది దినములకు, లోపలి తాళము తెరచు రహస్యసంఖ్యను సైతము ఆ పెట్టెలోనే మరచియుంచినట్లు తెలిసినది. తాళము వేసి చెవిని గుమ్మముపై నుంచిన చందము. అటుతరువాత ఔత్సాహికులు తమకు కావలసిన ఆటలను అందులో నింపుకొనుట నేర్చిరి. చట్టము దీనిని అంతటను మెచ్చదు. మేమును మెచ్చమని చెప్పవలసిన స్థానములో నున్నాము. అయితే ధర 25 కి దిగిన తరువాత ఆ పెట్టెను వెదకి కొన్నవారిలో అనేకులు వీరే. లేదన్న క్రాష్ బాండికూట్ వారి పెట్టెలలో అమెరికా వేగముతో పరుగెత్తుచున్నది. బయటి రూపమునకు సోనీని మెచ్చుకొనుచు, లోపలిది తామే సరిచేసికొనుచు, ఆ చిన్న బూడిదరంగు పెట్టెలను వారు నేటికిని వాడుకొనుచున్నారు.

మేము పైన చెప్పిన హరికథ టేపు ఆ కేంద్రపు బీరువాలోనే ఉన్నది. ఆ పెట్టెమీద భాగవతారుగారి పేరు, కథ పేరు, తేదీ మొదటినుండియు ఉన్నవి. వాని క్రింద ఇప్పుడు టేపు వేగమును, దానిప్రక్కన ఆ హార్మోనియము వృద్ధులు చెప్పిన శ్రుతిని ఎర్రసిరాతో వ్రాసియుంచితిమి.